పాము మీద వేసిన నింద

నాకు వచ్చిన జబ్బు కోటిమందిలో ఒక్కడికి వస్తుందని మా ఊళ్లో అందరికీ చెప్పాను. ఆ కోటి నేను పెట్టిన అంకె. గుంటూరు డాక్టరమ్మ అన్నది "అరుదు" అన్న ఒక్క మాటే. ఉత్త అరుదు అంటే మా ఊళ్లో ఎవరికీ ఆనదు కాబట్టి కొంచెం సాయం చేశాను. ఇది రాస్తానంటే మా ఆవిడ రత్తమ్మ ఒక షరతు పెట్టింది. పెంచి రాయకుండా నేను ఉండలేను కాబట్టి పెంచుకోవచ్చు, కానీ పెంచిన చోటే ఒప్పుకోవాలి. అందుకే ఈ రాత ఇలా సాగుతుంది.

నలభై ఏళ్లు మిర్చి వ్యాపారుల దగ్గర కాయ చూసే పని చేశాను. ముప్పై ఆరు. మిర్చి బస్తాను మేం టిక్కీ అంటాం. టిక్కీ అడుగుకంటా చెయ్యి దూర్చి కాయ తీసి, విరిచి, గింజ చూసి, ఎర్రకాయలో తెల్లబారిన తాలు కాయ ఎంత కలిసిందో చెప్పడం నా పని. మూతి దగ్గర నిగనిగలాడే కాయ పేర్చి అడుగున తాలు పోసినవాళ్లను ఎంతమందినో పట్టాను. నా మాటల టిక్కీ మాత్రం జీవితమంతా నేనూ అలాగే కట్టాను.

తొడల మీద, నడుం మీద గోధుమరంగు మచ్చలు నాకు ఎప్పటినుంచో ఉన్నాయి. గోకితే ఎర్రగా పొంగేవి. వేడినీళ్లు పోసుకున్నా, ఎండలో నడిచినా మొహం కందిపోయేది. అప్పుడప్పుడూ కారణం లేకుండా కడుపు చెడేది. మా వైపు ఎవరికి ఏ దురద వచ్చినా కాయ ఘాటు అనేస్తాం. కాయలో బతికేవాడికి మంట ఒక జబ్బా? కొబ్బరినూనె రాసుకుని మళ్లీ కల్లంలోకి పోతాం. నేనూ అంతే. ముప్పై ఆరేళ్లలో ఒక్క డాక్టరుకూ ఆ మచ్చలు చూపించలేదు.

కిందటేడు ఎండాకాలం మొదట్లో, ఫాల్గుణ మాసంలో, ఒక రైతు కల్లంలో ఆరబోసిన కాయ చూడటానికి వెళ్లాను. తాలు ఏరే ఆడవాళ్లలో మా వీధి కోటమ్మ ఉంది. చుట్టరికం లేకపోయినా నన్ను బాబాయ్ అంటుంది. మిగతావాళ్లకు దూరంగా ఓ మూల మడతపెట్టి ఉన్న టార్పాలిన్ పట్టాను ఆమె లాగేసరికి దాని కింద గూడు పెట్టిన కందిరీగలు లేచాయి. ఒకటి నా మెడ వెనక కుట్టింది. ఒక్కటే. ముందు అరచేతులు దురదపెట్టాయి, తర్వాత అరికాళ్లు. మొహంలోకి పొయ్యి సెగ ఎగదన్నినట్టయింది. చెవుల్లో హోరు. కల్లం నిండా ఉన్న ఎర్రకాయ తాలు కాయలా తెల్లబడింది. ఆ తర్వాత ఏమీ లేదు. చావు ఎలా ఉంటుందో చూసొచ్చానని తర్వాత చాలామందికి వర్ణించాను. ఏమీ చూడలేదు.

కళ్లు తెరిచేసరికి నరసరావుపేటలో ఒక ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. తొడకు ఇంజక్షన్ పొడిచాక గానీ బీపీ అందలేదట. చుట్టూ కల్లం మనుషులు.

"ఏం కరిచింది మామా? తేలా?" అన్నాడు ఒకడు.

ముందురోజే అదే మనుషులకు, మూడుసార్లు తేలు కుట్టినా చేతిలో బీడీ ఆరిపోనివ్వనివాణ్ని అని చెప్పి ఉన్నాను. కుట్టింది ఒక్కసారే, అప్పుడు ఏడ్చాను కూడా. ఇప్పుడు కందిరీగ పడగొట్టిందని ఏ మొహంతో చెప్పను?

"పాము" అన్నాను.

"ఎంత పామే?"

రెండు చేతులూ చాపాను. ఎడమచేతికి సెలైన్ గొట్టం అడ్డం వచ్చి అది అక్కడితో ఆగింది గానీ, లేకపోతే ఇంకా పెద్ద పామయ్యేది.

డాక్టరు వచ్చి ఎక్కడ కరిచిందని అడిగాడు. చీలమండ చూపించాను. అక్కడ పాత ముల్లు గీత ఒకటి ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. రక్తం గడ్డకట్టే పరీక్ష చేయించి, విషం ఎక్కినట్టు లేదు, అయినా ఒక రోజు ఉంచుతామన్నాడు. అందరూ బయటికి వెళ్లాక కోటమ్మ మంచం దగ్గరికి వచ్చింది.

"కందిరీగ కదా బాబాయ్" అంది గొంతు తగ్గించి.

"నోరు ముయ్యవే."

"మూస్తాలే. నీ పామును నేనెందుకు చంపుతా?"

ఆ మాట మీద ఆమె నిలబడింది. ఊరు నన్ను పాము మామ అనడం మొదలుపెట్టింది. పాము కరిచినా విషం ఎక్కని మనిషి చెయ్యి తగిలితే మంచిదని పసిపిల్లల్ని తెచ్చి నా చెయ్యి తల మీద పెట్టించుకున్నారు. పొలంలో వేలికి కాటు పడిన ఒక కూలీ అయితే తిన్నగా మా అరుగు మీదికే వచ్చాడు, తాకితే చాలని. అతన్ని ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపించాను. ఆ ఏడాది నేను చేసిన తిన్నని పని అదొక్కటే.

రత్తమ్మకు నా మాట మీద నమ్మకం పెళ్లయిన ఏడాదే పోయింది. కానీ పామును నమ్మింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే, నా ప్రాణం నిలబెట్టినందుకు నెలకోసారి కోటప్పకొండ మెట్ల దారిన ఎక్కుతానని మొక్కుకుంది. పైకి బస్సు పోతుంది, ఆటోలు పోతాయి. ఆమె మొక్కింది మెట్లకు. అప్పటికే ఆమెకు మోకాళ్ల నొప్పులు. కార్తీకంలో నాగుల చవితికి పుట్ట దగ్గరికి పోయి పాలు పోసి, నా పేరు చెప్పి దండం పెట్టుకొచ్చింది. నేను ఇంట్లో కూర్చుని ఆమె తెచ్చిన చిమ్మిలి ఉండలు తిన్నాను. అబద్ధం చెప్పిన నోటికి నువ్వులూ బెల్లమూ తియ్యగానే ఉన్నాయి.

ఈ ఏడు వైశాఖంలో నడుం పట్టేసింది. రత్తమ్మ మోకాళ్ల కోసం తెచ్చుకున్న నొప్పి బిళ్ల ఒకటి వేసుకున్నాను. ఆ మోకాళ్లు ఎందుకు అరిగాయో తెలిసే వేసుకున్నాను. కాసేపటికి అరచేతులు దురదపెట్టాయి. అప్పుడే తెలిసింది, ఇది ఆ కల్లం దారే అని.

"రత్తమ్మా, నేను పోతన్నానే" అన్నాను.

ఆమె వంటింట్లో కందిపప్పు చెరుగుతోంది. తల తిప్పలేదు.

"పో. పొయ్యేటప్పుడు ఆ పాల చెంబు కూడా పాలవాళ్లింట్లో ఇచ్చేసి పో."

ఆమెది తప్పని నేను అనను. దగ్గు వస్తే క్షయ అనీ, తేన్పు వస్తే గుండెపోటు అనీ ఎన్ని వందలసార్లు పోతున్నానని చెప్పానో. చెంబు తీసుకోవాల్సినవాడు కింద పడ్డ చప్పుడు వినపడితే అప్పుడు లేచి వచ్చింది. నరసరావుపేటలో టీచరుగా ఉన్న మా అమ్మాయి పద్మకు ఫోన్ చేసింది. పద్మ మొదట ఎత్తలేదట. రెండోసారి ఎత్తి, "నాన్న కథేనా అమ్మా మళ్లీ?" అందట. అవతల తల్లి ఏడుపు విని అప్పుడు పరిగెత్తింది.

ఈసారి ఆసుపత్రిలో పద్మ నా మంచం పక్కన కూర్చుని తిట్టలేదు, అరవలేదు. "ఏది నిజమో నాకెట్లా తెలిసిద్ది నాన్నా? నువ్వే చెప్పు. ఫోన్ మోగినప్పుడల్లా నేను క్లాసు వదిలి రావాలా, వద్దా?" అంది.

రత్తమ్మ మాత్రం తేల్చేసింది. పాము పగబట్టింది. కాటు తప్పించుకున్నవాణ్ని వదలదు. కొండకు నెలకోసారి చాలదు, రెండుసార్లు ఎక్కాలి. కోటమ్మ నన్ను వీధి మలుపులో పట్టుకుంది.

"చెప్పెయ్ బాబాయ్. పిన్ని మెట్లు కూర్చుని దిగతంది, నా కళ్లతో చూశా."

"చెప్తాలే."

"ఎప్పుడు? ఆమె పాకేటప్పుడా?"

చెప్పలేదు. రేపు చెబుదామనుకున్నాను. రేపు అనేది కూడా ఒక తాలు కాయే.

నరసరావుపేట డాక్టరు నా తొడ మీద మచ్చలు చూసి, ఇది పాముతో పోయేది కాదు, గుంటూరులో ఒక డాక్టరమ్మ ఉంది చూపించుకోండని చీటీ రాశాడు. ఆషాఢంలో వెళ్లాం. ఆ ఆసుపత్రి వరండాలో టోకెన్ పట్టుకుని కూర్చున్నవాళ్లు వందమంది ఉంటారు. ముప్పై. ఫ్యాన్లు రెండే తిరుగుతున్నాయి. ఉక్కకు నా మొహం కందడం చూసి, మాచర్ల నుంచి వచ్చిన ఒకావిడ లేచి ఫ్యాను కింద తన చోటు ఇచ్చింది.

"కూర్చో అన్నయ్యా. మాది ఎట్టా సాయంత్రానికే. ఏం జబ్బు?"

"ఇంకా పేరు పెట్టలేదమ్మా. నాతోనే మొదలంట."

"అట్నా. మా ఆయనది ఉత్త గజ్జే" అంది పాపం, కొంచెం చిన్నబుచ్చుకుని. తెచ్చుకున్న మజ్జిగలో సగం నాకు పోసింది. ఆ మజ్జిగకు బదులుగా నేను ఆమెకు ఒక అబద్ధం ఇచ్చానన్న సంగతి ఇప్పుడు రాస్తున్నప్పుడు బాధిస్తోంది.

లోపల డాక్టరమ్మది మా పద్మ వయసు. నా మచ్చ ఒకటి ఎంచుకుని, పెన్ను వెనక కొసతో నాలుగుసార్లు రుద్ది, గడియారం చూస్తూ కూర్చుంది. మచ్చ మెల్లగా కందిరీగ కుట్టినట్టు పొంగింది. ఆమె తల ఊపింది.

"మొదటిసారి పడిపోయినప్పుడు పాము కరిచిందని రాసి ఉంది. ఎక్కడ?"

"ఇదిగో ఇక్కడమ్మా" అని రత్తమ్మే వంగి నా చీలమండ చూపించింది. ఏడాదిగా ఆ చోట పసుపు రాస్తోంది.

"కందిరీగో, తేనెటీగో, చీమో ఎప్పుడైనా కుట్టాయా?"

"ఈయన్ని పామే ఏం చేయలేకపోయింది. కందిరీగలు ఏం లెక్కమ్మా?"

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "నేను అనుకుంటున్న జబ్బే అయితే, ఇలాంటివాళ్లను ఎక్కువ పడగొట్టేది కందిరీగ లాంటి కుట్టే పురుగు. ఒకసారి అలా పడిపోయి ఉంటే రెండోసారి ఆసుపత్రి దాకా రాకపోవచ్చు. మందు ఎప్పుడూ దగ్గర ఉండాలి, కుట్టగానే ఇవ్వాలి. పామనుకుని వదిలేస్తే మీ ప్రాణం పోతుంది. అందుకే అడుగుతున్నాను. బాగా గుర్తు చేసుకోండి."

"మా ఆవిణ్ని కాస్త బయట కూర్చోమంటారా" అన్నాను.

"నేనెందుకు పోవాలా" అంది రత్తమ్మ.

ఆమె మోకాలి మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉంది. ఆ చెయ్యి అక్కడ ఉండటం ఆ మధ్య అలవాటయింది. పాము లేదని, కందిరీగని, మెడ వెనకని చెప్పాను. ఒక్కటేనా అని డాక్టరమ్మ అడిగింది. ఒక్కటేనన్నాను. అలా ఉన్నదున్నట్టు ఒక అంకె చెప్పడం నాకు కొత్త.

డాక్టరమ్మ రాసుకుంది. రత్తమ్మ నన్ను కాదు, ఆమెనే అడిగింది.

"కందిరీగకు కూడా మనిషి పోతాడా అమ్మా?"

"ఈయనకైతే పోవచ్చమ్మా."

"అయితే అదే చెప్పచ్చుగా" అంది నేల చూస్తూ. "అదేం తక్కువని?"

తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చుంది. నరసరావుపేటలో దిగేటప్పుడు మెట్టు మీద ఆగి, "నా మోకాళ్లు ఎవరిస్తారయ్యా?" అంది. వెనకవాళ్లు తోస్తుంటే దిగింది. ఆ తర్వాత నాలుగు రోజులు కంచం పెట్టింది, మంచం వేసింది, మాట్లాడలేదు. నాలుగు నెలలని రాయబోయాను, నాకు అంతగానే అనిపించింది.

శ్రావణంలో తుంటి ఎముక వెనక నుంచి మూలుగ తీసి పరీక్ష చేశారు. సూది గుచ్చుతున్నప్పుడు కిక్కురుమనలేదని ఊళ్లో చెప్పాను. అమ్మా అని అరిచాను. మా అమ్మ పోయి ముప్పై ఏళ్లయింది. నర్సు నా చెయ్యి పట్టుకుని, "అరవండి తాతగారూ, తప్పేం లేదు" అంది. ఆ చెయ్యి ఆమె చివరిదాకా వదల్లేదు.

ఫలితం వచ్చాక డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఒంట్లో మాస్ట్ కణాలని ఉంటాయట, అందరికీ ఉంటాయట. చర్మంలో, పేగుల్లో కాపలా కాస్తూ, శత్రువు వస్తే మందుపాతర పేల్చినట్టు తమలోని రసాయనాలు వదులుతాయట. నాలో అవి మూలుగలోనే తప్పుగా పుట్టి, లెక్కకు మించి పెరిగి, కందిరీగకూ బిళ్లకూ వేడినీళ్లకూ ఒక్కలాగే పేలుతున్నాయట. మందకొడి రకం, దీంతోనే చాలా ఏళ్లు బతకవచ్చు అంది.

"ఇంకో సంగతి" అంది. "మాస్ట్ కణాలే కాదు, ఈ జబ్బున్న కొందరిలో మిగతా రక్షణ కణాలు కూడా మారుతున్నాయి. కొన్ని తగ్గుతున్నాయి, కొన్ని ఎక్కువవుతున్నాయి, కొన్ని ఉన్నా మునుపటిలా స్పందించడం లేదు. ఎందుకో ఇంకా పూర్తిగా తెలియదు. ఒప్పుకుంటే మీ రక్తం కొంచెం ఎక్కువ తీసుకుని ఆ కణాలు కూడా చూస్తాం."

ఒప్పుకున్నాను. నా రక్తం విమానమెక్కి విదేశాలకు పోయిందని చెప్పాను గానీ, అది పోయింది పక్క బిల్డింగు రెండో అంతస్తుకు. నాలోనూ ఆ మార్పులు ఉన్నాయని తర్వాత చెప్పారు. దానివల్ల ప్రస్తుతానికి చేసేది ఏమీ లేదు, కనిపెట్టి ఉండటం తప్ప.

నాకు మాత్రం ఆ మాట మందుల చీటీ కంటే ఎక్కువ గుర్తుండిపోయింది. కల్లాల్లో కాపలావాడు పిల్లి కదిలినా దొంగ దొంగ అని అరిచే రకమైతే, చుట్టుపక్కల కల్లాలవాళ్లు ఏమవుతారో నేను చూశాను. కొందరు లేవడం మానేస్తారు. కొందరు ఆకు కదిలినా కర్ర తీస్తారు. తప్పు వాళ్లది కాదు. ఫోన్ మోగినా ఎత్తని పద్మ, పోతన్నానంటే చెంబు ఇమ్మన్న రత్తమ్మ, ఆ కాగితం మీద బొమ్మలో నాకు కనపడ్డారు. ఇది డాక్టరమ్మ చెప్పింది కాదు, నేను అతికించింది. కణాలకు మనుషుల బుద్ధులు ఉండవని ఆమె అంటుంది. సరే.

ఇప్పుడు రోజూ బిళ్లలు వేసుకుంటున్నాను. ఏ నొప్పి బిళ్ల వాడకూడదో రాసిన చీటీ జేబులో ఉంటుంది. దురద తగ్గింది, కడుపు కుదుటపడింది. ప్రాణం నిలిపే ఇంజక్షన్ మందు, సిరంజీ ఎప్పుడూ వెంట ఉండాలి. పొడవడం రత్తమ్మకు నేర్పించారు. ఆమె బత్తాయి కాయల మీద సాధన చేసింది. ఒక్కో కాయనూ అవసరానికంటే గట్టిగా పొడిచిందని నా అనుమానం. నా తొడ వైపు చూస్తూనే పొడిచేది. కొండ మెట్లు ఎక్కడం మానేసింది, మోకాళ్లకు చూపించుకుంటోంది. మా వైపు వాళ్లు ఎవరైనా ఇది చదివితే ఒకటే చెబుతాను. ఒంటి మీద మచ్చ గోకితే పొంగుతుంటే అది కాయ ఘాటేనని మీరే తేల్చుకోవద్దు. డాక్టరు ఏం కరిచిందని అడిగితే, కరిచిందే చెప్పండి.

కార్తీకం వచ్చింది. నాగుల చవితి పొద్దున రత్తమ్మ తలస్నానం చేసి చిమ్మిలి దంచింది, చలిమిడి కలిపింది, చెంబులో పాలు పోసింది.

"పామే లేదు కదే, ఇంకెందుకు?" అన్నాను.

"లేని తప్పు దాని మీద వేశావు. ఏడాది పైన మోసింది ఆ నింద. పగబట్టిందని నేనూ తిట్టా. చెప్పుకోవద్దా? నడువు. నువ్వు కూడా."

ఊరి బయట పుట్ట దగ్గర పాతికమంది ఆడవాళ్లు ఉన్నారు. నిజంగానే పాతికమంది, లెక్కపెట్టాను. కోటమ్మ కూడా ఉంది. రత్తమ్మ చెంబు నా చేతికి ఇచ్చింది.

"గట్టిగా చెప్పు. దానికి వినపడాల."

"నన్ను పాము కరవలేదు" అన్నాను. "కందిరీగ కుట్టింది. ఒక్కటి."

"మరి మా పిల్లోడి తల మీద చెయ్యి పెట్టావుగా పెద్దయ్యా" అంది ఒకామె. ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. కోటమ్మ నవ్వకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వంగి పాలు పోశాను.

అప్పుడే కుడికాలి బొటనవేలు పక్కన చురుక్కుమంది.

నా మొహం చూసి రత్తమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. పసుపు కుంకుమ పొట్లాల కిందే ఆ ఇంజక్షన్ డబ్బా ఉంటుంది. నవ్వులు ఆగిపోయాయి.

"ఏంది?"

నోటి దాకా చాలా వచ్చాయి. అన్నీ మింగాను.

"చీమ."

"ఎన్ని?"

"ఒకటి. ఎర్రది."

ఆమె నా కళ్లలోకి చూసింది, టిక్కీ అడుగున చెయ్యి పెట్టి కాయ తీసేవాళ్లలాగా. నమ్మింది. నన్ను పక్కనున్న రాయి మీద కూర్చోబెట్టి, అరచేతులు తిప్పి చూస్తూ, డబ్బా ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. కోటమ్మ ఫోన్‌లో టైము చూస్తూ నిలబడింది. ఐదు నిమిషాలయింది. పది అయింది. అరగంట అయింది.

"దురదా?"

"లేదు."

"మొహం వేడా?"

"లేదు."

ఏమీ కాలేదు. ఇది నేను పెంచి రాయడం లేదు, తగ్గించీ రాయడం లేదు. చీమ కుట్టింది, ఏమీ కాలేదు. రత్తమ్మ డబ్బా సంచిలో పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేవబోయింది. చెయ్యి ఇచ్చాను. పట్టుకుంది.